స్థానిక సంస్థల ఉద్యోగానికి ఎంపికైన అభ్యర్థి నేర చరిత్ర విచారణ: అటెస్టేషన్ ఫారం మొదలు షోకాజ్ నోటీసు దాకా

గ్రామ పంచాయతీ కార్యదర్శి పోస్టుకో, మున్సిపాలిటీలో జూనియర్ అసిస్టెంటు పోస్టుకో, సచివాలయ ఉద్యోగానికో పరీక్ష రాసి, ఎంపిక జాబితాలో పేరు చూసుకుని, సర్టిఫికెట్ల పరిశీలన ముగించుకున్న అభ్యర్థి చేతికి చివరగా ఒక కాగితాల కట్ట వస్తుంది. అదే అటెస్టేషన్ ఫారం. పుస్తకాల మీద మూడు నాలుగేళ్లు పెట్టిన అభ్యర్థి ఈ ఫారం మీద అరగంట పెట్టడానికి కూడా ఓపిక పట్టడు. ఆఫీసు వరండాలో నిలబడి, పక్కవాడి ఫారం చూసి, అన్ని గడుల్లోనూ "లేదు, లేదు" అని రాసి ఇచ్చేస్తాడు. పాత కేసు ఉన్నవారి నియామకాలు రద్దయి కోర్టుల దాకా వెళ్లిన తీర్పులను చదివితే, వారిలో ఎందరినో ముంచింది ఆ "లేదు" అనే ముక్కేనని, కేసు సంగతి దాని తరువాతి మాటేనని అర్థమవుతుంది. ఈ మార్గదర్శి ఆ ఫారాన్ని ఎలా చదవాలో, ఎలా నింపాలో, తరువాత ఏం జరుగుతుందో వరుసగా వివరిస్తుంది.

ఈ విచారణ ఎందుకు జరుగుతుందన్నది ముందుగా ఒక్క మాటలో. 1996 నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నిబంధనలలోని 12వ నిబంధన ప్రకారం, ప్రత్యక్ష నియామకం పొందే వ్యక్తికి విద్యార్హతలతో పాటు ఆ ఉద్యోగానికి తగిన నడవడిక, పూర్వ చరిత్ర కూడా ఉండాలి. అవి ఉన్నాయో లేదో తేల్చుకోవడానికి నియామకాధికారి పోలీసు శాఖ నుంచి నివేదిక తెప్పించుకుంటాడు. నివేదిక పోలీసులది, నిర్ణయం మాత్రం నియామకాధికారిది. ఈ తేడా తరువాతి మెట్లలో చాలా పనికివస్తుంది.

మొదటి మెట్టు: మీ పేరు మీద ఏమున్నదో మీరే తేల్చుకోవడం

"నా మీద కేసులేమీ లేవండీ" అనే మాట మనవాళ్లు చాలా అర్థాల్లో వాడతారు. ఎప్పుడూ జైలుకు వెళ్లలేదన్న అర్థంలో ఒకరు, పెద్దమనుషుల్లో రాజీ అయిపోయిందన్న అర్థంలో ఇంకొకరు, ఫైను కట్టేశాం కాబట్టి తెగిపోయిందన్న అర్థంలో మరొకరు. ఫారం ఈ అర్థాలను ఒప్పుకోదు. కాబట్టి కింది సందర్భాల్లో ఏదైనా మీకు వర్తిస్తుందేమో నిదానంగా గుర్తు చేసుకోండి.

అన్నిటికన్నా ఎక్కువగా మరచిపోయేది, కోర్టులో నేరం ఒప్పుకుని జరిమానా కట్టిన పెట్టీ కేసు. పండుగనాడు పేకాటలో దొరికి గేమింగ్ చట్టం కింద కేసు నమోదై, ఉదయం మేజిస్ట్రేటు ముందు నిలబడి ఒప్పుకుని, జరిమానా కట్టి మధ్యాహ్నానికి ఇంటికి వచ్చినవారు అది ఒక చలానా అనుకుంటారు. మద్యం తాగి బండి నడిపినందుకు మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను కింద కోర్టుకు వెళ్లి జరిమానా కట్టినవారు కూడా అలాగే అనుకుంటారు. నిజానికి ఆ రెండూ నేరస్థాపనలే, అంటే కోర్టు దోషిగా నిర్ణయించి శిక్ష వేసిన కేసులే. జరిమానా ఎంత చిన్నదన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. హెల్మెట్ లేనందుకు వచ్చిన ఈ-చలానాను ఆన్‌లైన్‌లో కట్టడం వేరు. అది కోర్టుకు వెళ్లకుండానే రాజీ రుసుముతో ముగిసిపోతుంది. కోర్టు గడప ఎక్కారా లేదా అన్నదే మీరు వేసుకోవలసిన ప్రశ్న.

తరువాతిది కుటుంబ కేసు. అన్నా వదినల గొడవలో భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ) 498ఏ కింద, అంటే భర్త, అత్తింటివారి వేధింపుల మీద, ఫిర్యాదు ఇచ్చినప్పుడు భర్తతో పాటు అత్త, మామ, మరిది, ఆడబిడ్డ పేర్లు కూడా ఎఫ్ఐఆర్‌లో చేరడం మన ఊళ్లలో అందరికీ తెలిసిన విషయమే. పట్నంలో చదువుకుంటున్న మరిది తనను ఏ-4గా, అంటే నాలుగో నిందితుడిగా, చేర్చారని తెలిసి కూడా, "అది అన్నయ్య కేసు" అనే అనుకుంటూ ఉంటాడు. అరెస్టు చేయకుండా నోటీసు ఇచ్చి పంపినా, అతడు ఆ కేసులో నిందితుడే.

ధర్నాలు, రాస్తారోకోలు, కాలేజీ గొడవలు, పొలం గట్టు తగాదాలు కూడా ఇందులోకే వస్తాయి. ఎన్నికల ముందు తహసీల్దారు ఎదుట చేసిన బైండోవర్, అంటే శాంతికి భంగం కలిగించనని రాయించుకునే పూచీకత్తు, నేరం కాదు, శిక్ష కూడా కాదు. అయినా చాలా ఫారాలు దాని గురించి విడిగా అడుగుతాయి. లోక్ అదాలత్‌లో రాజీ అయిన కేసు, ప్రభుత్వం ఉపసంహరించుకున్న కేసు, హైకోర్టు కొట్టివేసిన కేసు, పోలీసులే ఆధారాలు లేవని మూసివేసిన కేసు, ఇవన్నీ ముగిసినవే. కానీ "ఎప్పుడైనా" అని అడిగినప్పుడు ముగిసినది కూడా చెప్పవలసిందే.

రెండో మెట్టు: రికార్డు వెతకడం

గుర్తున్నదాని మీద మాత్రమే ఆధారపడవద్దు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో గాని, మొబైల్ యాప్‌లో గాని మీ జిల్లా, మీ కోర్టు ఎంచుకుని పార్టీ పేరుతో వెతకండి. పెండింగు కేసులనూ పరిష్కారమైన కేసులనూ విడివిడిగా, సంవత్సరాల వారీగా చూడాలి. మన పేర్ల విషయంలో ఒక చిక్కు ఉంది. వెంకటేశ్వర్లు అనే పేరును ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు రకాలుగా రాయవచ్చు, ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనుక, మరోచోట పొడి అక్షరంగా ఉంటుంది. అందుచేత ఒక్కసారి వెతికి లేదనుకోకుండా పేరును మార్చి మార్చి వెతకాలి. పోలీస్ స్టేషను పేరు, ఎఫ్ఐఆర్ నంబరు తెలిస్తే వాటితో వెతకడం తేలిక. కేసు దొరికితే దాని 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు రాసిపెట్టుకోండి. ఆ తరువాత ఎప్పుడు చూడాలన్నా ఆ ఒక్క నంబరు చాలు.

సున్నితమైన కేసులు మినహా ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లోగా వెబ్‌సైటులో ఉంచాలని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 7న ఆదేశించింది. కాబట్టి ఆ తరువాతి కేసుల ఎఫ్ఐఆర్‌లు రాష్ట్ర పోలీసు వెబ్‌సైటులో దొరికే అవకాశం ఉంది. పాత కేసులకు మాత్రం స్టేషనుకో కోర్టుకో వెళ్లి అడగడమే మార్గం. చదువు కోసమో పని కోసమో వేరే జిల్లాలో ఉన్నవారు అక్కడి రికార్డు కూడా చూసుకోవాలి, ఎందుకంటే గత అయిదేళ్లలో ఏడాదికి మించి ఉన్న చిరునామాలన్నిటినీ అటెస్టేషన్ ఫారం అడుగుతుంది, విచారణ ఆ చిరునామాలన్నిటికీ వెళుతుంది.

మూడో మెట్టు: కాగితాలు చేతికి తెచ్చుకోవడం

కేసు ఉన్నదని తేలితే ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, తీర్పు లేదా లోక్ అదాలత్ అవార్డు, ఈ మూడింటి ధ్రువీకృత నకళ్ల కోసం కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో దరఖాస్తు పెట్టండి. నకలు చేతికి రావడానికి రోజులు పడుతుంది. ఫారం చేతికి వచ్చాక పరుగెత్తడం కన్నా నోటిఫికేషను వెలువడినప్పుడే ఈ పని మొదలుపెట్టడం మేలు.

తీర్పు రాగానే చివరి పేజీ చూసి, "నిర్దోషి" అన్న పదం కనబడగానే మడిచి పెట్టేస్తారు. దాని ముందు రెండు పేరాలు చదవండి. అక్కడ "ప్రాసిక్యూషన్ నేరాన్ని ఏమాత్రం రుజువు చేయలేకపోయింది, ఈ నిందితుడు సంఘటన స్థలంలో ఉన్నట్లు ఏ సాక్షీ చెప్పలేదు" అని ఉండవచ్చు. లేదా "ఫిర్యాదిదారుతో సహా సాక్షులందరూ ప్రతికూలంగా మారినందున సంశయ లబ్ధి ఇచ్చి విడుదల చేయడమైనది" అని ఉండవచ్చు. ఇంటికి రావడానికి రెండూ ఒకటే. నియామకాధికారి దృష్టిలో మాత్రం ఒకటి కావు. మొదటి రకాన్ని గౌరవప్రదమైన విడుదల అంటారు. రెండో రకంలో, అంటే అనుమానం మిగిలినందున దాని ప్రయోజనాన్ని నిందితుడికి ఇచ్చిన విడుదలలో, ముఖ్యంగా ఆరోపణ తీవ్రమైనదైతే, అధికారి కేసు వివరాల్లోకి వెళ్లి చూడవచ్చు. మీ తీర్పు ఏ రకందో ముందే తెలిస్తే, తరువాత రాయవలసిన వివరణను దానికి తగ్గట్టు సిద్ధం చేసుకోగలుగుతారు.

సెక్షన్ల విషయంలో ఒక జాగ్రత్త. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అంతకు ముందు జరిగిన సంఘటనలకు ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి. ఎఫ్ఐఆర్‌లో ఉన్న సెక్షనును ఉన్నట్టే రాయండి, కొత్త చట్టంలోకి మార్చి రాయకండి.

నాలుగో మెట్టు: ప్రశ్నను ప్రశ్నగా చదవడం

ఫారం మొదట్లోనే పెట్టెలో హెచ్చరిక ఉంటుంది. తప్పుడు సమాచారం ఇవ్వడం, నిజాన్ని దాచడం రెండూ అనర్హతలేనని అది చెబుతుంది. దాని కిందనే ఇంకొకటి ఉంటుంది, దాన్ని చదివేవారు తక్కువ: ఫారం ఇచ్చిన తరువాత అరెస్టయినా, కేసు నమోదైనా వెంటనే తెలియజేయాలి, లేకపోతే నిజాన్ని దాచినట్టుగానే భావిస్తారు.

అసలు ప్రశ్న చాలా ఫారాల్లో ఒకే పొడవైన వాక్యంగా ఉంటుంది. మీరు ఎప్పుడైనా అరెస్టయ్యారా, ప్రాసిక్యూషను (కోర్టులో నేర విచారణ) ఎదుర్కొన్నారా, నిర్బంధంలో ఉన్నారా, బైండోవర్ అయ్యారా, కోర్టు జరిమానా వేసిందా, దోషిగా నిర్ణయించిందా, ఇప్పుడు ఏదైనా కేసు పెండింగులో ఉన్నదా అని అది అడుగుతుంది. దీన్ని ఒకే ప్రశ్నగా తీసుకుని "లేదు" అనడంలోనే ప్రమాదం ఉంది. పెన్సిలుతో ఒక్కొక్క క్రియ కింద గీత గీసి, ఒక్కొక్కదానికి విడిగా జవాబు ఆలోచించండి. శిక్ష పడకపోయినా ప్రాసిక్యూషను ఉండవచ్చు. ఛార్జిషీటు వేయకపోయినా అరెస్టు జరిగి ఉండవచ్చు.

ఇంగ్లీషు రాదన్న కారణం ఇక్కడ నిలవదు. తెలుగు మాధ్యమంలో చదివినవారు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి. కేంద్రీయ విద్యాలయంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరిన రామ్ రతన్ యాదవ్ తనపై కేసు పెండింగులో ఉన్నా ఫారంలో లేదని రాశారు. తాను హిందీ మాధ్యమంలో చదివానని, ఇంగ్లీషులో ఉన్న ప్రశ్న అర్థం కాలేదని వాదించారు. ఆ తరువాత ప్రభుత్వం ఆ కేసును ఉపసంహరించుకుంది కూడా. అయినా 2003లో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. ఫారం నింపిన రోజున కేసు ఉన్నదా, అడిగితే చెప్పారా అన్నదే కోర్టు చూసింది. అర్థం కాని మాట ఒక్కటి ఉన్నా, తెలిసినవారిని అడిగి తెలుసుకున్న తరువాతే సంతకం చేయండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. అడగనిదాన్ని చెప్పలేదని ఎవరినీ తప్పుపట్టకూడదు. పెండింగు కేసుల గురించి మాత్రమే అడిగిన ఫారంలో ముగిసిన కేసు రాయకపోవడం దాచడం కాదు. ఆ సమాచారం తరువాత బయటపడితే అధికారి అభ్యర్థి యోగ్యతను నిష్పాక్షికంగా పరిశీలించవచ్చు, అంతేగాని నిజాన్ని దాచాడన్న నేరం మోపలేడు. అందుకే ఇచ్చిన ఫారం నకలు తీసి పెట్టుకోవడం అవసరం. ఆ రోజు అడిగిన ప్రశ్న ఏమిటన్నదానికి అదే సాక్ష్యం.

అయిదో మెట్టు: జవాబు రాయడం

గడి చిన్నదైతే "వివరాలు అనుబంధంలో" అని రాసి, విడి కాగితం మీద సంతకంతో జతచేయండి. భాష సాదాగా ఉండాలి. ఫిర్యాదిని తిట్టడం, పోలీసులను నిందించడం, తన కుటుంబ ప్రతిష్ఠ గురించి చెప్పుకోవడం ఇక్కడ చేయవలసిన పనులు కావు. ఒక నమూనా చూడండి:

"నాపై ఫలానా పోలీస్ స్టేషనులో 2018లో, ఫలానా క్రైం నంబరుతో, ఐపీసీ 341, 323 రెడ్ విత్ 34 సెక్షన్ల కింద కేసు నమోదైంది. అందులో నేను 4వ నిందితుడిని. నన్ను అరెస్టు చేయలేదు, నోటీసు ఇచ్చారు. ఆ కేసు ఫలానా మేజిస్ట్రేటు కోర్టులో ఫలానా సి.సి. నంబరుగా విచారణకు వచ్చి, ఫలానా తేదీన ఉభయ పక్షాల రాజీతో ముగిసింది. తీర్పు ధ్రువీకృత నకలు జతచేశాను. ఇది కాక నాపై వేరే కేసు ఏదీ నమోదు కాలేదు, పెండింగులో లేదు."

ఆ చివరి వాక్యం రాసేముందు రెండో మెట్టులో చెప్పిన వెతుకులాట పూర్తయి ఉండాలి. ఒక కేసు చెప్పి రెండో కేసు మరచిపోతే మొదటిది చెప్పిన నిజాయితీకి కూడా విలువ తగ్గిపోతుంది.

బాల్యంలో జరిగినదాని సంగతి వేరు. 18 ఏళ్లు నిండకముందు చేసిన పనికి బాల న్యాయ మండలి చర్య తీసుకుని ఉంటే, 2015 నాటి బాల న్యాయ చట్టం 24వ సెక్షను ప్రకారం దాని వల్ల ఎలాంటి అనర్హతా రాదు. 16 ఏళ్లు దాటి, పిల్లల కోర్టులో పెద్దవారిగా విచారణ ఎదుర్కొన్నవారికి మాత్రం ఈ రక్షణ వర్తించదు. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం అభ్యర్థి రమేశ్ బిష్ణోయ్ విషయంలో, బాలుడిగా ఉన్నప్పటి ఆరోపణ నిజమే అయినా దాని ఆధారంగా ఉద్యోగం నిరాకరించరాదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇలాంటి సందర్భంలో సంఘటన నాటి వయస్సును చూపే పదో తరగతి మెమో నకలు దగ్గర ఉంచుకోండి.

ఆరో మెట్టు: విచారణ రోజులు

ఫారాలు జిల్లా పోలీసు కార్యాలయానికి చేరిన తరువాత స్పెషల్ బ్రాంచ్ సిబ్బంది స్టేషను రికార్డు చూస్తారు, చిరునామాకు వస్తారు, ఇరుగుపొరుగును అడుగుతారు. దేశంలోని పోలీస్ స్టేషన్లను కలిపే సీసీటీఎన్ఎస్ వ్యవస్థ వచ్చాక వేరే జిల్లా ఎఫ్ఐఆర్ కనబడదన్న ధీమాకు ఆధారం లేదు. వచ్చినవారు అడిగినవాటికి ఫారంలో రాసినట్టే చెప్పండి, తీర్పు నకలు చూపించండి. ఇంట్లో మీరు లేనప్పుడు వస్తే ఏం చెప్పాలో అమ్మానాన్నలకు ముందే చెప్పి ఉంచండి. కొడుకు ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో తల్లి "అలాంటిదేమీ లేదు బాబూ" అనడం, ఫారంలో కొడుకు నిజం రాసి ఉండడం, రెండూ పొంతన కుదరక నివేదికలో అనవసరమైన అనుమానం చేరడం జరగకూడదు. ఈ విచారణకు అభ్యర్థి ఎవరికీ డబ్బు ఇవ్వనక్కరలేదు.

మీరు సొంతంగా తీసుకున్న పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ ఈ విచారణకు ప్రత్యామ్నాయం కాదు. అదే పేరు ఉన్న వేరే వ్యక్తి కేసు మీ లెక్కలో పడినప్పుడు మాత్రం అది బాగా పనికివస్తుంది. అలాంటప్పుడు ఎఫ్ఐఆర్‌లోని తండ్రి పేరు, వయస్సు, చిరునామాలతో మీవి పోల్చి చూపుతూ వెంటనే లిఖితపూర్వకంగా ఇవ్వండి.

ఫారం ఇచ్చిన తరువాత కొత్తగా కేసు వస్తే అదే వారంలో నియామకాధికారికి ఉత్తరం ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకుని నకలు దాచుకోండి.

ఏడో మెట్టు: షోకాజ్ నోటీసు వస్తే

మీ నియామకాన్ని ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని అడిగేదే షోకాజ్ నోటీసు. అది రాగానే చేయవలసిన మొదటి పని గడువు తేదీ చూసుకోవడం, రెండోది నోటీసు దేని మీద ఉన్నదో విడదీసి చూడడం. నిజాన్ని దాచారని అంటున్నారా, దాచలేదుగాని కేసు స్వభావం వల్ల తగరని అంటున్నారా? ఈ రెండింటికీ జవాబు వేరు.

ఇక్కడ ఆధారంగా నిలిచేది అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2016 జూలై 21న ఇచ్చిన తీర్పు. దానికి ముందు సుప్రీంకోర్టు తీర్పులే రెండు దారుల్లో ఉండేవి. 2011లో సందీప్ కుమార్ కేసులో, చిన్న వయస్సులో జరిగిన కొట్లాట కేసును దరఖాస్తులో రాయకపోయినా అభ్యర్థిత్వాన్ని రద్దు చేయడం సరికాదని చెప్పింది. రామ్ రతన్ యాదవ్ కేసులో మాత్రం రద్దు సరైనదేనని గట్టిగా నిలబడింది. అవతార్ సింగ్ తీర్పు వీటన్నిటినీ ఒక చట్రంలోకి తెచ్చింది. యవ్వనంలో నినాదాలు చేయడం వంటి అల్పమైన విషయాన్ని దాచినా అధికారి తన విచక్షణతో మన్నించవచ్చు. తీవ్రమైనదాన్ని దాస్తే రద్దు చేయవచ్చు. నిజం చెప్పినా, నియమించి తీరాలని అధికారిని ఎవరూ బలవంతం చేయలేరు, కానీ అతడు పూర్వ చరిత్రను పరిశీలించిన తరువాతే నిర్ణయం తీసుకోవాలి. పెండింగులో ఉన్న అల్పమైన కేసును నిజాయితీగా చెప్పినవారిని, ఆ కేసు ఫలితానికి లోబడి నియమించవచ్చు. ఒకటికి మించిన పెండింగు కేసులను ఉద్దేశపూర్వకంగా దాచడం మాత్రం దానికదే గట్టి కారణం. కేసు ఉన్నదన్న సంగతే అభ్యర్థికి తెలియకపోతే దాచాడనలేరు. ఉద్యోగంలో ఖాయమైన తరువాత బయటపడితే శాఖాపరమైన విచారణ జరపకుండా తొలగించరాదు.

జవాబులో ఈ సూత్రాలన్నిటినీ కుప్పపోయకండి. మీకు వర్తించేదాన్ని ఒక్కటి తీసుకుని దాని చుట్టూ ఆధారాలు పెట్టండి. కేసు తెలియదంటే, సమన్లు ఎప్పుడు అందాయో చూపండి. అల్పమైనదంటే, సెక్షనుకు ఉన్న గరిష్ఠ శిక్ష, సంఘటన నాటి మీ వయస్సు, మీకు ఆపాదించిన పాత్ర, తీర్పులో మీ గురించి ఉన్న పేరా నంబరు చెప్పండి. చేరబోయే పోస్టు పనిని కూడా ప్రస్తావించండి. పన్ను వసూలు చేసే బిల్ కలెక్టరు మీద మోసం కేసుకు ఉండే బరువు, అదే వ్యక్తి మీద కాలేజీ రోజుల రాస్తారోకో కేసుకు ఉండదు. పొరపాటున రాయలేదన్నది నిజమైతే ఆ మాటే సూటిగా రాయండి. ఒక కారణం నిలవదేమోనని నాలుగు కారణాలు రాస్తే అవి ఒకదానినొకటి కొట్టేసుకుంటాయి.

ఎనిమిదో మెట్టు: ఉత్తర్వు వ్యతిరేకంగా వస్తే

రద్దు ఉత్తర్వులో కారణాలు ఉన్నాయేమో చూడండి. "పోలీసు నివేదిక ప్రతికూలంగా ఉన్నందున" అన్న ఒక్క వాక్యంతో ముగిసిన ఉత్తర్వులో అధికారి తన బుద్ధి ఉపయోగించినట్టు కనబడదు. కేసు స్వభావం, తీర్పు, వయస్సు, పోస్టు, ఇచ్చిన జవాబు వీటిని పరిశీలించినట్టు ఉత్తర్వులో ఉండాలి. లేకపోతే రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు. నిజం దాచిన కేసుల్లో కూడా ప్రతిదాన్నీ ఒకే గాట కట్టి యాంత్రికంగా తొలగించడం కుదరదని పవన్ కుమార్ కేసులో 2022 మేలోను, రవీంద్ర కుమార్ కేసులో 2024 ఫిబ్రవరిలోను సుప్రీంకోర్టు చెప్పింది. రవీంద్ర కుమార్ దరఖాస్తు పెట్టిన నాటికి ఆయనపై కేసే లేదు. తరువాత వచ్చిన కేసులో నిర్దోషిగా విడుదలయ్యారు, స్థానిక స్టేషను అధికారి కూడా ఆయన నడవడిక బాగుందనే రాశారు. ఇవన్నీ కలిపి చూసి కోర్టు ఆయనకు ఉపశమనం ఇచ్చింది.

న్యాయవాది దగ్గరకు వెళ్లేటప్పుడు నోటిఫికేషను, దరఖాస్తు, మీరు నింపిన అటెస్టేషన్ ఫారం నకలు, తీర్పు ధ్రువీకృత నకలు, షోకాజ్ నోటీసు, మీ జవాబు, రద్దు ఉత్తర్వు తేదీల వరుసలో ఒక ఫైలుగా పట్టుకెళ్లండి. నింపిన ఫారం నకలు లేకపోతే సమాచార హక్కు చట్టం కింద నియామకాధికారి కార్యాలయంలో ఆ రోజే దరఖాస్తు పెట్టండి. జవాబివ్వడానికి వారికి 30 రోజుల గడువు ఉంటుంది, మీ పోస్టును మరొకరితో నింపడానికి అంత కాలం పట్టకపోవచ్చు.